తర్వాత వచ్చే చెయ్యి

వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది, సెన్సరు కాదు, రబ్బరు గొట్టం, దాన్ని పక్కకు నెట్టి ఇంకొంచెం లోపలికి పోనిస్తే మోచేతికి కాస్త కింద ఇనుము ఒరుసుకుని చెయ్యి ఆగిపోయింది, ఇంజనుకూ వెనక రేకుకూ మధ్య ఈ సందు ఎవరి చెయ్యి చూసి పెట్టారో గానీ నా చెయ్యి చూసి మాత్రం పెట్టలేదు. బానెట్ కింద తల, ఫెండరు రేకు మీద పాత దుప్పటి, దుప్పటి మీద పొట్ట, ఒక కాలు నేల మీద, ఇంకో కాలు గాల్లో, ఇంత వేలాడుతూ నేను వెతుకుతున్నది బొటనవేలంత వస్తువు. నా వెనక గోడ వారగా, ఏదో పాత కారులోంచి పీకి కస్టమర్ల కోసం వేసిన సీటు మీద మా ఆవిడ కూర్చుని ఉంది, ఒళ్ళో ఐస్ పెట్టె, పెట్టెలో ఊళ్ళోవాళ్ళ రక్తం. క్లినిక్కుల చుట్టూ తిరిగి శాంపిల్స్ తీసుకుని ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. ఐస్ కరిగేలోపు చేరాలి, లేకపోతే సూదులు పొడిపించుకున్నవాళ్ళంతా మళ్ళీ పొడిపించుకోవాలి. ఆమె పెట్టె మూత మీద వేళ్ళతో తాళం వేస్తోంది, టకటకా కాదు, చప్పుడే రానట్టు, నాకు మాత్రం ప్రతిదీ వినిపిస్తోంది.

ఇందాక ఆమె కారు షెడ్డు లోపలికి తెచ్చి ఆపి, దిగీ దిగకముందే బ్యాగులోంచి చిన్న అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "పెట్రోలు ప్రెషర్ సెన్సరు మార్చాలట," అంది. పెట్టె విప్పి చూశాను, కొత్తది, ఈ బండికి సరిగ్గా సరిపోయేది, షాపువాడు ఇంకో మోడల్‌ది అంటగట్టలేదు, అంటే ఏం అడగాలో తెలిసిన మనిషే అడిగి తెచ్చాడు. "ఎవరన్నారు?" అన్నాను. "అన్నారులెండి. తొందరగా చూడండి, ఐస్ కరిగిపోతుంది." స్కానర్ తెచ్చి తగిలించాను, అది ఇంకేదైనా చెబితే బాగుండునని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు, ప్లగ్గులనో, పంపు అనో, ఏదో ఒకటి. అది కూడా అదే చెప్పింది. ఇంట్లో డాక్టరును పెట్టుకుని పెళ్ళాం బయట డాక్టరు చీటీ పట్టుకొస్తే ఆ డాక్టరు మొహం ఎలా ఉంటుందో అలాగే ఉండి ఉంటుంది నా మొహం. స్కానర్ మూసేసి, నేను ముందే అనుకున్నాను అన్నట్టు తల ఊపాను.

స్కానర్ జబ్బు పేరు చెబుతుంది గానీ అది ఉండే చోటు చూపించదు. ఒక బండిలో ఈ సెన్సరు బానెట్ ఎత్తగానే ఎదురుగా పలకరిస్తుంది, ఇంకో బండిలో సగం ఇంజను విప్పితే గానీ కనబడదు, ఈ బండిలో ఎక్కడుందో నాకు తెలియదు, నా పెళ్ళాం బండిలో. ఇప్పటిదాకా ఈ వైపు చెయ్యి పెట్టే అవసరం రాలేదు, ఆయిలు మార్చాను, బ్రేకులు చూశాను, లోకంలో ఉన్న బళ్ళన్నీ చూస్తూ దీన్ని ఎప్పుడూ ఆఖరున పెట్టాను, ఇంటి బండి ఎక్కడికి పోతుంది అని. తెలియనప్పుడు చేసే పద్ధతి ఒకటే, పెట్రోలు వచ్చే దారి పట్టుకుని పోవడం, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడ ఇంజనును తాకుతుందో అక్కడి నుంచి ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం ఉంటుంది, రైలు అంటాం, ఆ రైలుకు ఏదో ఒక కొసన ఈ సెన్సరు. ముందు కొసన లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పేసి చూశాను, అక్కడా లేదు. ఇక వెనక కొస. వెనక కొస అంటే చూపు పోని చోటు, అక్కడ వేళ్ళతోనే చూడాలి. పని నేర్పిన మా మేస్త్రి కళ్ళు మూసుకోమనేవాడు. నేను, బక్కోడు, ఇద్దరమే ఆయన దగ్గర, పాత ఇంజను ఒకటి బల్ల మీద పెట్టి, మా కళ్ళకు గుడ్డ కట్టి, ఇది ఏమిట్రా అని చెయ్యి లోపల పెట్టించేవాడు. నేను నొక్కి చూసేవాణ్ణి, కదిపి చూసేవాణ్ణి. బక్కోడు ఊరికే తాకేవాడు, తల ఎడమకు వాల్చి, పై పెదవి పళ్ళతో పట్టుకుని, ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు, తాకి, పేరు చెప్పేసేవాడు. "వీడి వేళ్ళకు కళ్ళున్నాయి," అనేవాడు మేస్త్రి. నా గురించి కూడా అనేవాడు, అనకుండా ఉండలేదు, "నువ్వు బిగిస్తే ఊడదురా" అనేవాడు. అదీ మెచ్చుకోలే. ఎన్నేళ్ళయినా ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే ఉన్నాను, నాది చిన్నదిగానే కనబడుతుంది.

బక్కోడి మీద నాకు కుళ్ళు. ఈ మాట ఇంకొకరితో అనను గానీ నా తల నా బానెట్ కింద ఉన్నప్పుడు దాచుకోవడం ఎవరి దగ్గర. ఇద్దరం కలిసి ఇదే షెడ్డు నడిపాం, కస్టమర్లు వచ్చి ఆయన లేరా అనేవాళ్ళు, నేను ఎదురుగా నిండు విగ్రహంలా నిలబడి ఉంటే నా భుజం మీదుగా లోపలికి చూసి ఆయన లేరా అనేవాళ్ళు, లేరు అని చెప్పీ చెప్పీ ఒకరోజు నిజంగానే లేకుండా చేశాను, వేరే చోటు చూసుకోమన్నాను. వాడు గొడవ పడలేదు. గొడవ పడితే ఎంత బాగుండేదో. తన పానాలు సంచిలో వేసుకుని, ల్యాబు రోడ్డు చివర రేకుల షెడ్డు వేసుకుని, నవ్వుతూనే పోయాడు.

ల్యాబు రోడ్డు. ఈ మాట ఇప్పుడే తట్టింది. వేళ్ళు ఆగిపోయాయి.

"దొరికిందా?" అంది వెనక నుంచి.

"దొరుకుతుంది."

రోజూ రెండు పూటలా ఆమె ఆ రోడ్డు మీదే వెళ్తుంది. అయితే ఏంటి, ఊరంతా వెళ్తుంది. మళ్ళీ కదిపాను, రైలు చల్లగా తగిలింది, ఒత్తిడి ముందే వదిలేశాను కాబట్టి భయం లేదు, దాని పొడవునా వేలి కొస జార్చుకుంటూ పోతే తీగల కట్ట ఒకటి అడ్డం వచ్చింది, మంచిదే, తీగలు పోయే చోటే సెన్సరు, కట్టను పట్టుకుని నడుస్తుంటే తీగల్ని బిగించి కట్టే ప్లాస్టిక్ టై తగిలింది. ఎవరో కట్టారు. కంపెనీది కాదు, కంపెనీ టై వెడల్పుగా ఉంటుంది, ఇది సన్నది, కొత్తది, మసి కూడా పట్టలేదు. తీగ దేనికో ఒరుసుకుంటుంటే పక్కకు లాగి కట్టారు. దాని కొస కోసం వెతికాను, మా పనిలో టై కొస గీసుకోని చెయ్యి ఉండదు, కటింగ్ ప్లయరుతో తుంచి వదిలేస్తే ఆ మిగిలిన ముక్క బ్లేడులా ఉంటుంది, నా ముంజేతుల నిండా ఆ గీతలే, కొన్ని నేను కట్టినవే తర్వాత నన్ను గీసినవి. ఈ టైకి కొస లేదు. నున్నగా ఉంది. ముడి దగ్గర వేలు అటూ ఇటూ తిప్పాను, గోళీని తడిమినట్టుంది.

ఈ ఊళ్ళో అలా కత్తిరించేవాడు ఒక్కడే. అది మా మేస్త్రి అలవాటు, టై కట్టాక ప్లయరుతో తుంచి, మిగిలినదాన్ని నెయిల్ కట్టరుతో ముడి దాకా కొరికేవాడు, అదే నెయిల్ కట్టరుతో మా గోళ్ళు కూడా కత్తిరించేవాడు, గోరు పెరిగితే వేలికి చూపు పోతుందనేవాడు. నేను కొన్నాళ్ళు చేశాను. తర్వాత మానేశాను, ఎవడు చూస్తాడు లోపల, కస్టమర్ చూడడు, టైము దండగ. బక్కోడు మానలేదు. మేస్త్రి మంచం పట్టినప్పుడు మమ్మల్నిద్దర్నీ పిలిచి నాకు తన పెద్ద పానా సెట్టు ఇచ్చాడు, చూసినవాళ్ళంతా అబ్బో అన్నారు, వాడికి ఆ నెయిల్ కట్టర్ ఇచ్చాడు, అరచేతిలో దాగిపోయేది, కొసన నీలం రంగు తీగ ముక్క చుట్టి ఉంటుంది పడిపోకుండా. పానాలు ఇప్పటికీ ఆ గోడకే వేలాడుతున్నాయి. ఒక్కటీ అరగలేదు. నాకు ఆ నెయిల్ కట్టరే కావాలి.

దాన్ని మొన్న చూశాను. ఇదే, ఇదే నేను ఇంతసేపూ తలుచుకోకుండా తప్పించుకుంటున్నది. తాళాల కోసం ఆమె బ్యాగులో చెయ్యి పెడితే దువ్వెన, మందుబిళ్ళలు, రసీదులు, వాటి అడుగున నెయిల్ కట్టర్, కొసన నీలం తీగ. ఇలాంటివి లోకంలో ఎన్ని ఉండవు అనుకున్నాను. అనుకున్నాను గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత ఆమె చేతులు చూశాను, గోళ్ళు లేవు. పెళ్ళినాటి నుంచి ఆమెకు పొడుగాటి గోళ్ళంటే ఎంత ఇష్టం, ఆదివారం వస్తే కిటికీ దగ్గర కూర్చుని రంగు వేసుకుని ఆరేదాకా పనంతా నాకు పురమాయించేది, జగ్గు అందించండి, తలుపు తీయండి, వీపు గోకండి, అలాంటి మనిషి గోళ్ళు మొదలంటా కత్తిరించేసుకుంది, అంటే ఎవరో చెప్పారు, ఎవరో చెబితే వింది, నేను చెబితే ఏనాడైనా వింటుందా. ఒక మగవాడి నెయిల్ కట్టరు పెళ్ళయిన ఆడమనిషి బ్యాగులోకి ఎలా వస్తుంది. ఎక్కడో మర్చిపోతే తీసిపెట్టిందా. మర్చిపోయేటంత సేపు ఎక్కడ కూర్చున్నారు. ఆ రేకుల షెడ్డులో కూర్చోవడానికి ఏముంది, స్టూలు, ఒకటే స్టూలు, నాకు తెలుసు, ఆ రోడ్డున పోయినప్పుడల్లా చూడనట్టు చూస్తాను కదా.

వాడు ఈ షెడ్డులో ఉన్నప్పుడు ఆమె వాణ్ణి అన్నయ్యగారు అనేది. మధ్యాహ్నం క్యారేజీ తెస్తే అన్నయ్యగారికి కూడా పెట్టండి అనేది. వాడు పోయాక మా ఇంట్లో ఆ పిలుపు వినబడలేదు, నేనే వినబడనివ్వలేదు. ఇప్పుడేమని పిలుస్తోందో. అన్నయ్యగారనే పిలుస్తుంటే సరే, పరవాలేదు, కడుపు మండినా పరవాలేదు. పిలుపు మారి ఉంటే. పిలుపే లేకుండా ఏమండీ అంటుంటే. చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోవడానికి రెండో చెయ్యి కూడా జిడ్డే. నా బండిలో వాడు చెయ్యి పెట్టాడు. ఆమె బండి. ఆమె బండంటే నా బండి. నేను ఇంతవరకూ చెయ్యి పెట్టని చోట, నా చెయ్యి పట్టని చోట, వాడు తల ఎడమకు వాల్చి, కళ్ళు మూసుకుని, ఆ సన్నటి వేళ్ళతో ఎంచక్కా పోయి వచ్చాడు, ఈమె పక్కన నిలబడి టార్చి పట్టింది, పట్టే ఉంటుంది, నేను ఎప్పుడైనా పట్టమన్నానా. ఒకసారి తనే వచ్చి బానెట్ దగ్గర నిలబడి ఇదేంటి అదేంటి అని అడిగింది, దారిలో ఆగితే నేనే చూసుకుంటాను కొంచెం చూపించండి అంది, నీకెందుకీ మసి అని భుజాలు పట్టుకుని పక్కకు జరిపాను, ప్రేమగానే జరిపాను. వాడు జరిపి ఉండడు.

అడగాలి. తల బయటికి తీసి, మొహం చూస్తూ, వాడి దగ్గరికి పోతున్నావా అని అడగాలి. అడిగితే అవునంటుంది, అబద్ధం ఆడే మనిషి కాదు, అదే నా భయం. అవునన్నాక నేనేం చెయ్యాలి, ఈ పానా ఎక్కడ పెట్టాలి, సాయంత్రం ఇంటికెళ్ళి ఏ పక్క తిరిగి పడుకోవాలి. అడగకపోతే ఈ నున్నటి కొస వేలికి అంటుకుని ఉండిపోతుంది, సబ్బుతో రుద్దినా పోదు. మింగలేను, కక్కలేను. ఆ టై దాటి ఇంకొంచెం ముందుకు పోతే సెన్సరు ఉంటుంది, అక్కడే ఉంటుంది, ఖాయం, కానీ చెయ్యి పోవడం లేదు, మణికట్టు దాకా ఉబ్బిపోయింది, నొక్కిన కొద్దీ నొప్పి, నొప్పి పుట్టినా సరే, వాడి చెయ్యి పోయిన చోటికి నా చెయ్యి పోవాలి.

"పోవడం లేదు కదా," అంది ఆమె. దగ్గరికి ఎప్పుడు వచ్చిందో, నా చెవి పక్కనే ఉంది. "చెయ్యి తియ్యండి, చర్మం ఊడిపోతుంది. కొంచెం జరగండి."

"నువ్వేం చేస్తావ్?"

"జరగండి ముందు."

చెయ్యి బయటికి లాక్కుని జరిగాను. ఆమె ఐస్ పెట్టె నా చేతికిచ్చింది, ఏమీ ఎరగనట్టు చల్లగా ఉంది అది, బట్టల చేతులు మోచేతుల పైకి మడుచుకుని, ఉంగరం తీసి నోట్లో పెట్టుకోబోయి మళ్ళీ ఆగి నా చొక్కా జేబులో వేసింది, దుప్పటి మీద వాలి ఆ సందులో చెయ్యి పెట్టింది. చెయ్యి పోయింది. మోచెయ్యి కూడా పోయింది. అప్పుడు కళ్ళు మూసుకుంది. తల ఎడమకు వాల్చింది. పై పెదవి పళ్ళతో పట్టుకుంది. నేను ఐస్ పెట్టె పట్టుకుని నిలబడి నా పెళ్ళాం మెడ మీద బక్కోడి తలను చూశాను. ఏళ్ళ తరబడి నా పక్కన బల్ల దగ్గర చూసిన తల, ఎంత ప్రయత్నించినా నాకు అబ్బని వాలు, ఒక్క పిసరు తేడా లేదు. ఎవరో చెవిలో చెబుతున్నట్టు వింటోంది. కళ్ళు మూసుకునే నవ్వింది.

"ఇదిగో, దొరికింది. చిన్న పానా ఇవ్వండి. కింద గుడ్డ పెట్టండి, రెండు చుక్కలు కారుతుంది."

పానా ఇచ్చాను. గుడ్డ పెట్టాను. ఆమె ముందు తీగ ప్లగ్గు పీకి, పాతది విప్పి బయటికి తీసి, కొత్తది అందుకుని, వేళ్ళతో చివరిదాకా తిప్పి, పానాతో ఆఖరి మలుపు మాత్రం వేసింది, అంతకు మించి బిగించలేదు, నేనైతే ఇంకో రెండు పట్లు పట్టేవాణ్ణి. ప్లగ్గు నొక్కితే టక్కుమంది. తీగ మళ్ళీ ఒరుసుకోకుండా కొత్త టై కావాలంది, ఇచ్చాను. కట్టింది. తుంచింది. "నా బ్యాగులో నెయిల్ కట్టర్ ఉంది, అదీ ఇవ్వండి," అంది.

బ్యాగు తెరిచి తీశాను. నా అరచేతిలో దాగిపోయింది. నీలం తీగ ముక్క పాతబడి నలుపెక్కింది.

"ఎవరిది ఇది?"

"మా మేస్త్రిది."

"మేస్త్రి పోయి ఎన్నేళ్ళయింది?"

"మీ మేస్త్రి కాదండీ, మా మేస్త్రి," అంది, చెయ్యి ఇంకా లోపలే ఉంది, తల ఇంకా వాలే ఉంది. "ఆయన షెడ్డు ముందే బండి ఆగిపోయింది ఒకరోజు. మీకు ఫోను ఎన్నిసార్లు చేశానో, చేతులకు జిడ్డు కదా, మీరు ఎత్తరు. ఆయన్ని చూడమంటే మా మధ్య మాటల్లేవమ్మా, వాడి ఇంటి బండిలో నేను చెయ్యి పెట్టను అన్నారు. అయితే నాకు చెప్పండి, నేనే పెడతాను అన్నాను. దూరంగా నిలబడి చెప్పారు, ఆ తీగ నేనే కట్టాను. తర్వాత మధ్యాహ్నం ఖాళీ దొరికితే వెళ్ళి వేరే బళ్ళ మీద నేర్చుకునేదాన్ని. ఈ కట్టరూ ఆయనే ఇచ్చారు. సెన్సరు మాత్రం మీ దగ్గరే మార్పించుకోమన్నారు. కట్టర్ ఇస్తారా లేదా?"

ఇచ్చాను. లోపల కిచ్చుమని చిన్న చప్పుడు. ఇంతసేపూ నా వేలు తడిమిన ఆ నున్నటి కొస ఆమెది. వాడు నా బండిని తాకను కూడా తాకలేదు. ఆ అనుమానం వదిలిపోగానే మనసు ఊరట పడాలి, పడింది కూడా, పడిన మరుక్షణం ఇంకోచోట మండటం మొదలుపెట్టింది. అన్నయ్యగారు పోయి మేస్త్రి వచ్చాడు. ఈ షెడ్డులో కుర్రాళ్ళూ కస్టమర్లూ అందరూ నన్ను పిలిచే పిలుపు అది, ఆమె మాత్రం ఎప్పుడూ పిలవలేదు, పిలవాలని నాకూ ఎప్పుడూ తోచలేదు.

"ఆ కొస అంత నున్నగా ఎందుకు," అన్నాను. "లోపల ఎవడు చూస్తాడు?"

"చూడటానికి కాదు," అంది చెయ్యి బయటికి తీస్తూ. "అక్కడ తర్వాత పెట్టే చెయ్యి మీదే కదా. గీసుకుంటుందని."

ఎయిర్ ఫిల్టర్ డబ్బా బిగించి బానెట్ మూశాను. ఆమె నా జేబులోంచి ఉంగరం తీసుకుని, పెట్టె అందుకుని మూత ఎత్తి చూసి, ఐస్ ఉందిలెండి అని, కట్టర్ బ్యాగులో వేసుకుని బండెక్కింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, ఒక్క దగ్గు కూడా లేదు. ఆమె చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. బండి మలుపు తిరిగి ల్యాబు రోడ్డు వైపు పోయింది. ముంజెయ్యి వెలుగులో పెట్టి చూసుకున్నాను, మోచేతి కింద ఎర్రగా కమిలింది, అది నేను మొండిగా తోసినందుకు, టై గీసిన గీత ఒక్కటీ లేదు. ఆ చెయ్యి గీసుకోకూడదని ఆమె లోపల, ఎవరూ చూడని చోట, అంత జాగ్రత్త పడింది. నాకోసమే. కాదనను. కానీ ఏదో ఒక మధ్యాహ్నం ఆ రేకుల షెడ్డులో ఆమె మొదటిసారి కళ్ళు మూసుకుని వెతికి ఉంటుంది, మొదటిసారి వేలికి దొరికి ఉంటుంది, కళ్ళు తెరవకముందే నవ్వి ఉంటుంది, ఆ నవ్వు చూసింది వాడు.